రిపోర్టులో వీర్యం ఉందన్నారు, శుక్రకణాలు లేవన్నారు. కోర్టులో ఎలా చెప్పాలి?

ఏరియా ఆస్పత్రి డాక్టర్:

అందరికీ నమస్కారం. నేను ఒక ఏరియా ఆస్పత్రిలో లేడీ మెడికల్ ఆఫీసర్‌ని. వచ్చే నెల సాక్ష్యం చెప్పడానికి సమన్లు వచ్చాయి. చాలాకాలం క్రితం నైట్ డ్యూటీలో పోలీసులు అత్యాచారం కేసులో ఒకావిడను పరీక్షకు తీసుకొచ్చారు. పెళ్ళయిన ఆవిడ, పెద్దావిడే. కేసు వివరాలు ఇక్కడ రాయను, రాయకూడదు కూడా. ప్రశ్నకు అవసరమైనంత వరకే చెబుతాను.

నేను పరీక్ష చేసేసరికి ఘటన జరిగి సుమారు 30 గంటలైంది. ఆవిడ ఒకసారి స్నానం చేసింది. రెండు స్వాబ్‌లు, రెండు స్లైడ్‌లు తీశాను. ఒంటి మీదున్న లంగా తీసుకున్నాను. సీలు వేసి కానిస్టేబుల్‌కి అప్పగించి సంతకం తీసుకున్నాను. ఇప్పుడు పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారు ల్యాబ్ రిపోర్టు కాపీ పంపారు. స్వాబ్ మీద యాసిడ్ ఫాస్ఫటేజ్ పాజిటివ్, పి30 పాజిటివ్, శుక్రకణాలు కనబడలేదు, వీర్యం ఉన్నది అని రాశారు. లంగా మీద ఒక మరక మనిషి రక్తం అని రాశారు.

నా టెన్షన్ ఏమిటంటే, శుక్రకణాలు లేకుండా వీర్యం ఎక్కడి నుంచి వచ్చిందని డిఫెన్స్ లాయర్ తప్పకుండా అడుగుతారు. ఎంబీబీఎస్‌లో ఫోరెన్సిక్ రెండో ఏడాదిలో చదివి వదిలేసిన సబ్జెక్టు. యాసిడ్ ఫాస్ఫటేజ్, పి30 అనే ఆ ప్రోటీన్ పరీక్షలు ఎలా చేస్తారో నేను కళ్ళతో చూడలేదు. రక్తం గాయం నుంచి వచ్చిందా, నెలసరి నుంచి వచ్చిందా అని కూడా అడగవచ్చు.

ఇంతకుముందు ఇంకో కేసులో ఇలాంటి ప్రశ్నకే నీళ్ళు నమిలాను. "నాకు తెలియదు" అని సూటిగా అనకుండా ఏదో చెప్పబోయి, తడబడి, ముందు చెప్పినదానికి విరుద్ధంగా ఇంకోటి చెప్పాను. ఆ అమ్మాయి తల్లి కోర్టు హాల్లో వెనక బెంచీలో కూర్చుని నన్నే చూస్తోంది. ఆవిడ చూపు ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. ఈసారి అలా జరగకూడదు. ల్యాబ్‌లో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే, పుస్తకం భాషలో కాకుండా, జరిగేది జరిగినట్టు చెప్పండి.

రిటైర్డ్ సీరాలజీ:

డాక్టర్ గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను 1983లో ల్యాబ్‌లో చేరాను. ముప్పై ఏళ్ళు సీరాలజీ విభాగంలోనే, అంటే రక్తం, వీర్యం, ఉమ్మి మరకల్ని పరీక్షించే చోటే ఉండి రిటైరయ్యాను. మీలాంటి డాక్టర్లు పంపిన కవర్లు వేలల్లో విప్పాను గానీ, ఆ కవరు కట్టిన డాక్టరు మనసులో ఏముంటుందో వినే అవకాశం ఇన్నాళ్ళకు వచ్చింది. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు అసలు సంగతి. వీర్యం వేరు, శుక్రకణాలు వేరు. కణాలు వృషణాల నుంచి వస్తాయి. ద్రవంలో చాలా భాగం సెమినల్ వెసికిల్స్ అనే గ్రంథుల నుంచీ, ప్రోస్టేట్ గ్రంథి నుంచీ వస్తుంది. వేసక్టమీలో, అంటే మగవాళ్ళ కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో, కోసి కట్టేసేది కణాలు వచ్చే సన్నటి గొట్టాన్ని మాత్రమే. పెద్ద కాలువలో కలిసే పిల్ల కాలువకు అడ్డుకట్ట వేస్తే పెద్ద కాలువ ఎండిపోదు కదా, అలాగే. ఆపరేషన్ చేయించుకున్న మగవాడి వీర్యంలో కణాలుండవు, మేం వెతికే ప్రోటీన్లు మాత్రం ఉంటాయి. పుట్టుకతోనో, జబ్బువల్లో కణాలు తయారుకాని మగవాళ్ళూ ఉన్నారు. ఇవేవీ లేకపోయినా, స్వాబ్‌కి కణాలు కొద్దిగానే అంటుకుని ఉండవచ్చు, లేదా మైక్రోస్కోప్ కింద పెట్టిన ఆ చిన్న భాగంలో పడకపోయి ఉండవచ్చు. అందుకే రిపోర్టులో "లేవు" అని రాయరు, "కనబడలేదు" అని రాస్తారు. ఆ మాట తేడా కోర్టులో మీకు పనికొస్తుంది. "కనబడలేదు" అన్నదాన్ని లాయర్ గారు "లేవు" అని తిప్పి అడిగితే, మీరు రిపోర్టులో ఉన్న మాటనే మళ్ళీ చదవండి.

ఇక ప్రోటీన్ల సంగతి. యాసిడ్ ఫాస్ఫటేజ్ ఒక ఎంజైమ్. ప్రోస్టేట్ దాన్ని విపరీతంగా తయారుచేస్తుంది. తడి చేసిన ఫిల్టర్ పేపర్‌ని మరక మీద అద్ది, దాని మీద రంగు ద్రావణం వేస్తాం. వీర్యమైతే అర నిమిషంలోపే పేపర్ మీద ఊదా రంగు గబుక్కున పొంగుతుంది. కానీ ఈ ఎంజైమ్ యోని స్రావంలో కూడా కొద్దిగా ఉంటుంది. అప్పుడు రంగు నెమ్మదిగా, లేతగా వస్తుంది. కాబట్టి ఇది ఎక్కడ వెతకాలో దారి చూపే పరీక్షే గానీ, తీర్పు చెప్పే పరీక్ష కాదు. దీని ఒక్కదాని మీదే "వీర్యం ఉన్నది" అని మేం రాయం.

పి30 అలా కాదు. 1978లో అమెరికాలో జార్జ్ సెన్సబా అనే ఆయన వీర్యంలోంచి ఈ ప్రోటీన్‌ని విడదీసి, మరకల్లో వీర్యాన్ని గుర్తుపట్టడానికి పనికొస్తుందని చూపించాడు. దాని బరువు సుమారు 30 వేల డాల్టన్లు (అణువుల బరువు కొలిచే ప్రమాణం), అందుకే ఆ పేరు. తర్వాత తెలిసిందేమిటంటే, ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం పెద్దవయసు మగవాళ్ళ రక్తంలో మీ ఆస్పత్రుల్లో చూసే పీఎస్ఏ, ఇదీ ఒకటే. వీర్యం బయటికి రాగానే జెల్లీలా గడ్డకట్టి కాసేపటికి పలచబడుతుంది. గడ్డ కట్టించేది సెమినల్ వెసికిల్స్ నుంచి వచ్చే సెమినోజెలిన్ అనే ప్రోటీన్. దాన్ని ముక్కలు చేసి పలచబరిచేది ఈ పీఎస్ఏ. అదే దాని పని కాబట్టి అంత ఎక్కువగా ఉంటుంది.

పరీక్ష ఎలా చేస్తామంటే, స్వాబ్‌లోంచి చిన్న ముక్క కత్తిరించి, బఫర్‌లో నానబెట్టి, ఆ నీటిని స్ట్రిప్ మీద నాలుగు చుక్కలు వేస్తాం. ప్రెగ్నెన్సీ కార్డు మీకు తెలిసిందే, అచ్చం అలాంటిదే. ఆ ప్రోటీన్‌నే పట్టుకునే యాంటీబాడీలు స్ట్రిప్ మీద ఉంటాయి. పది నిమిషాల్లో రెండో గీత వస్తే పాజిటివ్. సాధారణంగా మిల్లీలీటరుకు 4 నానోగ్రాములుంటే చాలు, గీత పలుకుతుంది. వీర్యంలో ఇది మిల్లీగ్రాముల లెక్కలో ఉంటుంది. ఒక్క మిల్లీగ్రాము అంటే పది లక్షల నానోగ్రాములు. రెండు లక్షల రెట్లు పలచన చేసినా దొరుకుతుందన్నమాట. స్నానం చేశాక, 30 గంటల తర్వాత కూడా దొరకడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఒంట్లో ఇది ఒకటి రెండు రోజులకు మించి నిలిచేది తక్కువ. కాబట్టి మీ స్వాబ్‌లో దొరికిందంటే, అది బాగా పాతది కాదన్న మాటకు అది కొంత బలమిస్తుంది. కొంతే సుమా. గంటలు లెక్కకట్టి చెప్పమంటే చెప్పకండి.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. పీఎస్ఏ వీర్యంలో తప్ప ఎక్కడా ఉండదని మొదట్లో అనుకున్నాం. అది నిజం కాదు. మగవాళ్ళ మూత్రంలో, తల్లిపాలలో, ఆడవాళ్ళ మూత్రంలో కూడా, వీర్యంతో పోలిస్తే చాలా కొద్దిగా, ఉంటుంది. లాయర్ గారు చదువుకునొస్తే ఇది అడుగుతారు. "ఉంటుందండీ, కానీ అతి తక్కువ" అని ఒప్పుకోండి. ఒప్పుకుంటే సాక్ష్యం బలహీనపడదు. యాసిడ్ ఫాస్ఫటేజ్ పలికి, దాని పక్కన పి30 కూడా పలికింది కాబట్టి రెండూ కలిపి చూసి ల్యాబ్ ఆ అభిప్రాయానికి వచ్చింది.

లంగా మీద "మనిషి రక్తం" అన్నది ఇంకో ప్రోటీన్ కథ. రక్తమా కాదా అన్నది మొదటి మెట్టు. గోడల మీద కిళ్ళీ మరకలు, పసుపులో సున్నం కలిసిన ఎర్ర మరకలు రక్తమనుకుని ఎన్నిసార్లు పంపించారో! అవి ఆ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. రక్తమని తేలాక, అది మనిషిదా, ఏదైనా జంతువుదా అన్నది రెండో మెట్టు. మనిషి రక్తపు ప్రోటీన్లను కుందేలుకు ఎక్కిస్తే, దాని ఒంట్లో మనిషి ప్రోటీన్‌నే పట్టే యాంటీబాడీలు తయారవుతాయి. ఆ కుందేలు సీరమే (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) మా పనిముట్టు. జర్మనీలో పాల్ ఉలెన్‌హూత్ 1901లో దీన్ని మరకల మీద వాడి చూపించాడు. అదే ఏడాది రూగెన్ దీవిలో ఇద్దరు పిల్లల్ని చంపిన కేసులో లుడ్విగ్ టెస్నోవ్ అనే వడ్రంగి బట్టల మీద మనిషి రక్తం, గొర్రె రక్తం రెండూ వేరువేరుగా బయటపడ్డాయి. ఆ మరకలు కలపకు వేసే రంగువని, పశువుల రక్తమని వాదించుకుంటూ వచ్చిన మనిషి అతను.

మేం చేసింది కూడా దాదాపు అదే, జెల్ మీద. గాజు పలక మీద పారదర్శకంగా అగరోజ్ అనే జెల్ పొర పోసి, ఎదురెదురుగా చిన్న గుంటలు తీసేవాళ్ళం. ఒక గుంటలో మరక నానిన నీరు, ఎదుటి గుంటలో కుందేలు సీరం. కరెంటు పెడితే రెండూ ఒకదానివైపు ఒకటి కదులుతాయి. కలిసిన చోట, ఒకదానికొకటి సరిపోతే, తెల్లటి సన్నటి గీత కడుతుంది. పాలు కాగి చల్లారేటప్పుడు గిన్నె అంచున కట్టే మీగడ పోగులాంటి గీత. దీపం ముందు పలకను ఏటవాలుగా పట్టుకుంటేనే కనబడేది. చేరిన కొత్తలో నాకు కనబడేది కాదు. మా సీనియర్ మేడమ్ నా వెనక నిలబడి, నా మోచేయి పట్టుకుని, పలకను కొంచెం కొంచెంగా వంచుతూ చూపించేవారు.

ఒకసారి ఒక కత్తి, ఒక పంచె వచ్చాయి. ముద్దాయి జాతరకు పొట్టేలు కోశానని మొదటి రోజు నుంచీ చెబుతున్నాడట, ఎవరూ నమ్మలేదు. మనిషి సీరం ఎదురుగా గీత రాలేదు. గొర్రె సీరం ఎదురుగా వచ్చింది. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. ఆ రిపోర్టు మీద సంతకం పెట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. ఒక మనిషి చెప్పిన నిజాన్ని ఆ పోగంత గీత నిలబెట్టింది.

మీ రెండో ప్రశ్న, గాయం రక్తమా, నెలసరి రక్తమా. ఈ పరీక్ష ఆ సంగతి చెప్పదు. నెలసరి రక్తం లోపలే ఒకసారి గడ్డకట్టి కరిగి వస్తుంది కాబట్టి అందులో డి-డైమర్ (గడ్డ కరిగినప్పుడు మిగిలే ప్రోటీన్ ముక్క) ఎక్కువగా ఉంటుంది. దాన్ని చూసి గుర్తుపట్టే పద్ధతులున్నాయి. కానీ మీ రిపోర్టులో ఆ పరీక్ష లేదు. లేనిదాన్ని గురించి ఊహించి చెప్పకండి. ఆ రాత్రి మీరు గాయాల గురించి, చివరి నెలసరి తేదీ గురించి కేసు షీటులో ఏం రాశారో అదే మీ సాక్ష్యం.

కోర్టుబాట:

మేడమ్ సైన్సు చెప్పారు, నేను చట్టం వైపు నుంచి రెండు మాటలు. సెషన్స్ కోర్టులో ప్రాక్టీసు.

డాక్టర్ గారూ, ల్యాబ్ రిపోర్టు మీరు రుజువు చేయాల్సినది కాదు. సీఆర్‌పీసీ 293, ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 329 ప్రకారం ప్రభుత్వ ల్యాబ్ నిపుణుల రిపోర్టును ఆఫీసర్‌ని పిలవకుండానే సాక్ష్యంగా తీసుకోవచ్చు. అందులో సందేహం ఉంటే ఆ ఆఫీసర్‌ని పిలిపించమని డిఫెన్స్ కోరవచ్చు, కోర్టు పిలిపించవచ్చు. ఆ బరువు మీ నెత్తిన వేసుకోకండి. "ఆ పరీక్ష నేను చేయలేదు. నేను తీసిన శాంపిల్స్ గురించి, నా పరీక్షలో కనబడినదాని గురించి చెప్పగలను" అనడంలో తప్పు లేదు. వైద్యురాలిగా మీకు తెలిసిన సాధారణ విషయం, అంటే వేసక్టమీ అయినా వీర్యం ఉంటుందన్నది, అడిగితే చెప్పవచ్చు.

"వీర్యం దొరికింది కాబట్టి అత్యాచారం జరిగింది" అని మీ నోటి నుంచి రాకూడదు. అది కోర్టు తేల్చాల్సిన విషయం. అలాగే "దొరకలేదు కాబట్టి జరగలేదు" అన్నదీ కుదరదు. నేరం 2024 జులై 1కి ముందుదైతే ఐపీసీ 375, తర్వాతదైతే బీఎన్ఎస్ 63. అత్యాచారం అంటే ఏమిటో చెప్పే ఆ రెండు సెక్షన్లలోనూ వీర్యం ఉండి తీరాలని ఎక్కడా లేదు.

ఇంకొకటి. ఆవిడ పెళ్ళయిన మనిషి కాబట్టి ఆ వీర్యం భర్తది కాకూడదా అని అడుగుతారు. ప్రోటీన్ పరీక్ష ఎవరిదో చెప్పదు. కాబట్టి ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేదు, డీఎన్ఏ రిపోర్టు చెప్పాలి. అంతవరకే చెప్పి ఆగండి. సాక్ష్యానికి ముందురోజు పీపీ గారి దగ్గర మీ ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు రికార్డు) కాపీ అడిగి తీసుకుని చదవండి. కోర్టులో కూడా అనుమతి తీసుకుని మీ రికార్డు చూసి చెప్పవచ్చు. అంతా కంఠతా చెప్పాలన్న రూలు లేదు.

రిటైర్డ్ సీరాలజీ:

కోర్టుబాట గారు చెప్పినదానికి ఒక సంగతి కలుపుతాను. కణాలు లేని వీర్యంలో డీఎన్ఏ ఉండదని చాలామంది అనుకుంటారు. కణాలు లేకపోయినా మగవాడి చర్మపు పొరల కణాలు, తెల్లరక్తకణాలు అందులో కొన్ని ఉంటాయి. కానీ ఆడమనిషి కణాలు వాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటాయి కాబట్టి మామూలు పద్ధతిలో మగవాడి గుర్తులు మునిగిపోతాయి. అందుకని మగవాళ్ళకే ఉండే వై క్రోమోజోమ్ మీద పరీక్ష చేస్తారు. అది తండ్రి, కొడుకు, అన్నదమ్ములు, తండ్రి అన్నదమ్ముల కొడుకులు అందరికీ దాదాపు ఒకేలా ఉంటుంది. "ఈ వంశంలోని మగవాడు" అనే చెప్పగలదు, "ఇతనే" అని చెప్పలేదు. ముద్దాయి వంశానికి, భర్త వంశానికి సంబంధం లేకపోతే తేడా స్పష్టంగా తెలుస్తుంది. దగ్గరి చుట్టాలైతే చిక్కు.

ఎంఎస్సీ ఫోరెన్సిక్ మొదటి ఏడాది:

మేడమ్, నమస్తే. మీ పోస్టులు నోట్సులో రాసుకున్నాను. మాకు సీరాలజీ పేపర్ ఉంది గానీ, ఎలాగూ డీఎన్ఏ వచ్చేసింది కదా, ఇదంతా పాత చింతకాయ పచ్చడి అని క్లాసులో అందరూ అంటున్నారు. ప్రోటీన్ల రకాలతో మనుషుల్ని గుర్తుపట్టేవాళ్ళని చదివాం, అది నిజంగా పనిచేసేదా? ఇప్పుడు ఈ సబ్జెక్టులో పని చేయడానికి ఏమైనా మిగిలి ఉందా? ఉమ్మి మరకల గురించి కూడా చెప్పండి.

రిటైర్డ్ సీరాలజీ:

నాన్నా, డీఎన్ఏ "ఎవరిది" అని చెబుతుంది. "ఏమిటి" అని చెప్పదు. ఒకే ఇంట్లో ఉండేవాళ్ళ కేసు తీసుకో. దుప్పటి మీద ఇంట్లోని ఒకాయన డీఎన్ఏ దొరికింది. అందులో వింతేముంది, ఆయన ఆ ఇంట్లోనే ఉంటాడు. కానీ అది చెమట నుంచా, ఉమ్మి నుంచా, వీర్యం నుంచా అన్నదే అక్కడ ప్రాణం. మనిషి ఒంట్లో దాదాపు అన్ని కణాల్లోనూ డీఎన్ఏ ఒక్కటే. ఏ కణం ఏ ప్రోటీన్ తయారుచేస్తుందన్నది మాత్రం వేరు. ఈ సబ్జెక్టు మొత్తం ఆ ఒక్క సంగతి మీదే నిలబడింది.

ప్రోటీన్ల రకాలతో మనిషిని గుర్తుపట్టడం గురించి అడిగావు. పనిచేసింది, కానీ పరిమితంగా. 1955లో కెనడాలోని టొరంటోలో ఆలివర్ స్మిథీస్ అనే శాస్త్రవేత్త బంగాళాదుంప గంజితో జెల్ పోసి రక్తపు ప్రోటీన్లను విడదీశాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ వాళ్ళ నాన్న చొక్కాలకు గంజి పెట్టడం, మిగిలిన గంజి చల్లారి జెల్లీలా గట్టిపడటం గుర్తొచ్చి ఆ ఆలోచన వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. మన ఇళ్ళలో గంజి వార్చే ప్రతి అమ్మా చూసే దృశ్యం అది. ఆ జెల్ మీద హాప్టోగ్లోబిన్ అనే ప్రోటీన్ మనుషుల్లో మూడు రకాలుగా ఉందని తేలింది. 1-1 అయితే ఒకే పట్టీ. 2-2 అయితే నిచ్చెన మెట్లలా వరస పట్టీలు. 2-1ది ఇంకో వరస. తర్వాత 1960ల చివర్లో లండన్ పోలీసు ల్యాబ్‌లో బ్రయాన్ కల్లిఫర్డ్ ఎండిన రక్తపు మరకల్లో పీజీఎం అనే ఎంజైమ్ రకాలు చూసే పద్ధతి తెచ్చాడు. మేం 1980ల్లో నేర్చుకున్నది అదంతా.

దాని బలం తీసివేయడంలో ఉంది. మరక 1-1, అనుమానితుడు 2-2 అయితే ఆ మరక అతనిది కాదు, అక్కడితో సరి. రెండూ 2-2 అయితే మాత్రం చెప్పగలిగేది చాలా తక్కువ, ఎందుకంటే మన దేశంలో ఎక్కువమందిది 2-2నే. రెండు మూడు ప్రోటీన్ల రకాలు, బ్లడ్ గ్రూపు కలిపి చూస్తే గుంపు కాస్త చిన్నదయ్యేది. ఆ పని డీఎన్ఏ ఎన్నో రెట్లు బాగా చేస్తుంది, అందులో సందేహం లేదు. 1980ల చివరికి మన హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ గారు డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతి తయారుచేశాక, మా గంజి జెల్‌లు మెల్లగా మూలకు చేరాయి. చేరాల్సిందే కూడా.

ఉమ్మి సంగతి. ఉమ్మిలో అమైలేజ్ ఉంటుంది, పిండి పదార్థాన్ని విరిచే ఎంజైమ్. అగర్‌లో గంజి కలిపి పలక పోసి, గుంటలో మరక నీరు వేసి రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచుతాం. పొద్దున అయోడిన్ పోస్తే పలకంతా ముదురు నీలం. ఉమ్మి ఉన్న గుంట చుట్టూ మాత్రం తెల్లటి గుండ్రం మిగులుతుంది, అమావాస్య ఆకాశంలో చందమామను అతికించినట్టు. నాకు ఆ పొద్దున్న ప్లేటు చూడటం ఎప్పుడూ ఇష్టంగానే ఉండేది. అయితే అమైలేజ్ తల్లిపాలలో, మలంలో కూడా ఉంటుంది. మలంలోది ప్యాంక్రియాస్ నుంచి వచ్చే ఇంకో రకం. ఉమ్మిలోని రకాన్నే పట్టుకునే యాంటీబాడీ స్ట్రిప్‌లు ఇప్పుడు వచ్చాయి. గంజి పెట్టిన కాటన్ చీర, పంచె వస్తే నేరుగా గుడ్డ మీద అయోడిన్ వేయకు. గుడ్డంతా నీలమైపోతుంది, మరక పాడవుతుంది.

మిగిలిన పని చాలా ఉంది. యాంటీబాడీ ప్రోటీన్ ఆకారాన్ని చూసి పట్టుకుంటుంది. ఎండకో, బట్టల సోడాకో, బూజుకో ఆ ఆకారం చెడిపోతే స్ట్రిప్ పలకదు. మాస్ స్పెక్ట్రోమెట్రీలో ప్రోటీన్‌ని ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ముందే ముక్కలు చేసి, ఆ ముక్కల బరువు, వరస చూస్తారు కాబట్టి ఆకారంతో పనిలేదు. ఒకే మరకలో హీమోగ్లోబిన్ ముక్కలుంటే రక్తం, సెమినోజెలిన్ ముక్కలుంటే వీర్యం, స్టాథరిన్ ఉంటే ఉమ్మి, యూరోమోడ్యులిన్ ఉంటే మూత్రం. అన్నీ ఒక్కసారే. రెండు మూడు కలిసిన మరకలకు ఇది వరం. మెషీన్ ఖరీదు, నేర్పు రెండూ ఎక్కువ. రోజువారీ కేసుల్లో ఇంకా స్ట్రిప్‌లే నడుస్తున్నాయి. మీ తరం చేయాల్సింది అక్కడ ఉంది. మన ఎండలో, మన ఉక్కలో, మన బట్టల మీద ఏ ప్రోటీన్ ఎన్నాళ్ళు నిలుస్తుందో కూర్చుని కొలవండి. ప్రాజెక్టుకు సబ్జెక్టు వెతుక్కుంటుంటే ఇది తీసుకో.

స్ట్రిప్ గురించి ఒక జాగ్రత్త చెప్పి ఆపుతాను. మరక మరీ చిక్కగా ఉన్నా గీత రాదు. ప్రోటీన్ మరీ ఎక్కువైతే యాంటీబాడీలన్నీ విడివిడిగా నిండిపోయి, గీత కట్టడానికి జత కుదరదు. స్ట్రిప్‌లు వచ్చిన కొత్తలో నేనే ఒకసారి అలాంటి మరకకు నెగెటివ్ రాయబోయాను. మా సీనియర్ మేడమ్ వంద రెట్లు పలచన చేసి మళ్ళీ వేయమన్నారు. గీత ఎర్రగా వచ్చింది. ఆ కాగితం అలాగే వెళ్ళిపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది.

ఏరియా ఆస్పత్రి డాక్టర్:

మేడమ్, ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. మీరు రాసింది ప్రింట్ తీసుకుని చదివాను. ఈరోజు రికార్డ్ రూమ్‌లో ఆ ఎంఎల్‌సీ వెతికించాను. నా చేతిరాతలోనే ఉంది. చివరి నెలసరి పన్నెండు రోజుల క్రితం అని, ఎడమ తొడ లోపలి వైపు గీరుకుపోయిన గాయం, రక్తం కారి ఎండింది అని రాశాను. రాసినట్టు నాకు గుర్తే లేదు. చూడగానే కళ్ళు తడిశాయి. స్వాబ్‌లు గాలికి ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టినట్టు కూడా రాశాను.

ఒక్క విషయం మాత్రం బాధగా ఉంది. లంగాను ఏ కవర్లో పెట్టానో రాయలేదు. ఆ రోజుల్లో మా దగ్గర ప్లాస్టిక్ కవర్లే ఉండేవి. ఇకముందు మా స్టాఫ్ నర్సులకు నేర్పిద్దామనుకుంటున్నాను. ఏం చెప్పమంటారు?

రిటైర్డ్ సీరాలజీ:

గాయం రాశారు, తేదీ రాశారు. ఇంకేం కావాలమ్మా! కోర్టులో అవి చదవండి చాలు. లంగా గురించి అడిగితే, ఏ కవరో నమోదు చేయలేదని ఉన్నదున్నట్టు చెప్పండి. మరకలోంచి మనిషి ప్రోటీన్ దొరికింది కాబట్టి అది మరీ పాడవలేదని ల్యాబ్ వాళ్ళు చెప్పుకోగలరు.

నర్సులకు చెప్పాల్సింది ఇది. తడి గుడ్డను ప్లాస్టిక్‌లో కట్టకూడదు. ఒక వానాకాలంలో మాకు అలా కట్టిన లంగా వచ్చింది. కవరు విప్పగానే గదంతా వాసన, మరక మీద పచ్చగా బూజు. ప్రోటీన్‌ని ఆ బూజు, బ్యాక్టీరియా తినేస్తాయి. కొన్ని రకాల బ్యాక్టీరియా వల్ల, అసలు లేని బ్లడ్ గ్రూపు ఉన్నట్టు కూడా కనబడుతుంది. ఆ కేసులో నేను "పరీక్షకు పనికిరాదు" అని రాయాల్సి వచ్చింది. అదే గుడ్డ నీడలో, ఫ్యాన్ కింద కూడా కాకుండా, శుభ్రమైన కాగితం మీద మామూలు గాలికి ఆరి ఉంటే? ఆరిన మరకలో పీఎస్ఏ ముప్పై ఏళ్ళ తర్వాత కూడా దొరికింది. ఎండలో పెట్టకూడదు, హెయిర్ డ్రయర్ పెట్టకూడదు. ఒక్కో గుడ్డకు ఒక్కో కాగితం కవరు. మడత పెట్టేటప్పుడు మరక మీదికి మరక రాకుండా మధ్యలో తెల్లకాగితం పెట్టాలి.

ఇంకొకటి, దీన్ని అందరూ మర్చిపోతారు. మరక ఉన్న చోటు పంపితే సరిపోదు. మరక లేని చోటు కూడా మాకు కావాలి. గుడ్డకున్న రంగో, సబ్బో, తోలో తనంతట తనే పలుకుతుందేమో చూడటానికి. చెప్పుల మీద మరకైతే ఇది మరీ ముఖ్యం, తోలు పదును పెట్టే టానిన్ రక్తం లేకపోయినా జెల్‌లో తెల్లటి తెర కట్టిస్తుంది. కాబట్టి మరక చుట్టూ కత్తిరించి పంపకండి, గుడ్డ మొత్తం పంపండి. స్వాబ్‌లు తీసేటప్పుడు అదే ప్యాకెట్‌లోంచి వాడని స్వాబ్ ఒకటి, అదే సెలైన్‌తో తడిపి, ఆరబెట్టి, "కంట్రోల్" అని రాసి జతచేయండి.

మీ ఆస్పత్రిలో కాగితం కవర్లు లేకపోతే పాత కేస్ షీట్ల వెనకవైపు వాడొద్దు, వాటి మీద ఎవరెవరి చేతులు పడి ఉంటాయో. మందుల షాపులో తెల్లటి కొత్త కవర్లు వందల కట్టగా దొరుకుతాయి. డ్యూటీ రూమ్‌లో బీరువా పై అరలో ఒక కట్ట పెట్టించండి. నైట్ డ్యూటీ నర్సుకు అది ఎక్కడుందో తెలియాలి.